ఎర్ర బక్కెట్టులో గార్డు చెట్టు

స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యానని తెలిస్తే, ఈమధ్య ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మొదట అడిగేది ప్రమాదాల గురించే. ఎన్ని చూశారు, ఎంత పెద్దవి చూశారు అంటారు. నా సర్వీసు మొత్తంలో ఒక్క పెట్టె కూడా పట్టాలు దిగలేదని చెప్పేసరికి వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. అయినా నా చేతులు వణికిన రోజు ఒకటుంది. ఆ రోజు ప్యాసింజర్లన్నీ వేళకే నడిచాయి. నా చేతిలో విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్క ఉంది, నా ముందు ఒక పూలమొక్క ఉంది. దాన్ని ఎక్కడ కొయ్యాలో తెలియక చెమటలు పట్టాయి. ఆ సంగతే మీకు చెబుతాను. పెద్ద కథేం కాదు. కానీ ఉద్యోగంలో నేను చేసిన ఒక చిన్న నీచపు పని ఇందులో ఉంది. అలాంటివి ఎవరూ రాసుకోరు కాబట్టి మీకు తెలియవు.

తొంభైల చివర్లో నన్ను కదిరికి దక్షిణాన తనకల్లు వైపు పోయే మీటర్ గేజ్ లైనులో ఒక చిన్న స్టేషనుకు వేశారు. రోజుకు నాలుగు ప్యాసింజర్లు, ఎప్పుడన్నా ఒక గూడ్సు. చుట్టూ చెనిక్కాయ చేలు, అంటే వేరుశనగ. వాన పడితే పచ్చగా, పడకపోతే ఎర్రగా ఉండేవి. నేనున్న ఏళ్లలో ఎక్కువగా ఎర్రగానే ఉన్నాయి. ఇప్పుడా స్టేషన్ రూపమే లేదు. లైను వెడల్పు చేసినప్పుడు పాత గది, ప్లాట్‌ఫారం, నీళ్ల ట్యాంకు అన్నీ ఎత్తేశారు.

ఆ ట్యాంకు గురించి చెప్పాలి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇంజన్లకు నీళ్లు పట్టడానికి రాతి స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద ఇనుప ట్యాంకు అది. ఆవిరి ఇంజన్లు పోయినా ట్యాంకు మిగిలింది. యార్డులోని బోరు నుంచి దాన్ని నింపి స్టేషనుకూ క్వార్టర్లకూ వాడుకునేవాళ్లం. ఎండాకాలంలో పక్క పల్లె ఆడవాళ్లు కడవలతో వచ్చేవారు. రూలు ప్రకారం ఇవ్వకూడదు. వాళ్లు వచ్చే వేళకు నేను రిజిస్టర్లో తల దూర్చుకుని ఉండేవాణ్ణి.

చేరిన మొదటి రోజు సామాను లెక్క చూసుకుంటుంటే, నిప్పు అంటుకుంటే చల్లడానికి ఇసుక నింపి పెట్టే ఎర్ర బక్కెట్లు నాలుగుండాల్సిన చోట మూడే కనిపించాయి. మా పాయింట్స్‌మన్‌ను పిలిచాను. పట్టాలు మార్చే లీవర్లు లాగడం, నడిచే బండికి టోకెన్ అందించడం ఆయన పని. ఒంటి పట్టా లైనులో ఆ టోకెన్ చేతికందితే గానీ డ్రైవరు ముందుకు పోడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఎవరిమీదో విసుక్కుంటున్నట్టు ఉండేవాడు.

"నాలుగో బక్కెట్టు యాడుందన్నా?" అన్నాను.

"ఆడుండాది సార్," అని ట్యాంకు వైపు చెయ్యి చూపించాడు.

ట్యాంకు అడుగున ఒక రివెట్టు దగ్గర ఎప్పుడూ బొట్టు బొట్టుగా నీళ్లు కారేవి. సరిగ్గా దాని కింద, ఇనుప కొక్కేనికి ఎర్ర బక్కెట్టు వేలాడుతోంది. దానికి మేకుతో చిల్లులు పొడిచారు. అందులోంచి తోలు బెల్టుల్లాంటి మందపాటి ఆకులు గుత్తులుగా బయటికి వంగి ఉన్నాయి.

"నిప్పంటుకుంటే ఏం చేస్తావు? చెట్టు తీసి విసురుతావా?"

"ఈ స్టేషన్లో అంటుకునేదానికి ఏముండాది సార్? నువ్వూ నేనే గదా."

దాన్ని తీసేసి బక్కెట్టు యథాస్థానంలో పెట్టమని చెప్పాను. ఆయన సరేనన్నాడు, తియ్యలేదు. మర్నాడు మళ్లీ చెప్పాను. మళ్లీ సరేనన్నాడు. ఇలా నెల గడిచింది. స్టేషన్ ఊడ్చే అక్క ఒకామె ఉండేది, ఆమె నన్ను పక్కకు పిలిచి, "ఎండాకాలం దాకా ఓపిక పట్టు సార్. అప్పుడు చూసి ఇష్టమైతే తీసెయ్యి," అంది.

మే నెల వచ్చింది. పట్టాల మీద కోడిగుడ్డు కొట్టి పోస్తే ఉడికే ఎండ. చుట్టుపక్కల కనుచూపు మేరలో తుమ్మచెట్లు తప్ప పచ్చనిది లేదు. ఒక పొద్దున డ్యూటీకి వచ్చేసరికి బక్కెట్టు అంచుల నుంచి మూరెడేసి పొడవున పూల దండలు కిందికి వేలాడుతున్నాయి. వెన్న రంగు రేకలు, మధ్యలో ఎండిన రక్తం రంగు చార. ఒక్కో దండకు పాతిక ముప్పై పూలు. పది గంటల ప్యాసింజరు ఆగితే జనం కిటికీల్లోంచి తొంగి చూశారు. డ్రైవరు ఇంజను దిగొచ్చి చూసి వెళ్లాడు. నేను మళ్లీ బక్కెట్టు ఊసెత్తలేదు. ఇన్స్పెక్షన్ వచ్చినప్పుడు నాలుగో బక్కెట్టు రిపేరుకు పోయిందని రాసుకున్నాను. అలా అది చాలా ఏళ్లు రిపేర్లోనే ఉంది.

అందరూ దాన్ని గార్డు చెట్టు అనేవారు. ఎప్పుడో ఒక గార్డు తూర్పు కొండల వైపు చుట్టాలింటికి పోయి, అడవిలో గాలికి విరిగిపడిన కొమ్మ మీద ఈ దుబ్బును చూసి, తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చాడట. దారిలోనే వాడిపోతోందని మా స్టేషన్లో పాయింట్స్‌మన్ చేతిలో పెట్టి, బతికితే బతుకుతుంది అని వెళ్లిపోయాడట. మట్టిలో పెడితే కుళ్లుతోందని గమనించి, ఆవిరి ఇంజన్లు దులిపిపోయిన బొగ్గు కిట్టం యార్డులో కుప్పగా పడుంటే, ఈయన దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి బక్కెట్టులో నింపి పెట్టాడు. కిట్టం నిండా చిల్లులు. నీళ్లు నిలవవు, చెమ్మ ఉంటుంది. ఎవరూ చెప్పకుండా ఆ మనిషి అంతదూరం ఆలోచించాడు.

"నీకు ఈ మొక్క మీద ఎందుకన్నా అంత ఇది?" అని ఒకసారి అడిగాను.

"మాకు తనకల్లు కాడ నాలుగెకరాల మెట్ట ఉండాది సార్. మా నాయన విత్తినాడు, నేను విత్తినా. పదేండ్లల్లో రెండేండ్లు కాయలు చూసింటాము. నేను పెట్టినవాట్లో వాన మొగం చూడకుండా వచ్చింది ఇదొకటే."

అంతకంటే ఎక్కువ ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు.

నాలుగైదేళ్లకు బక్కెట్టు చాలకుండా పోయింది. ఉల్లిగడ్డల్లాంటి పచ్చని గడ్డలు ఒకదాని మీదొకటి ఎక్కి, అంచు దాటి గాల్లోకి వచ్చాయి. తెల్లటి వేర్లు చిల్లుల్లోంచి దూసుకొచ్చి బక్కెట్టు చుట్టూ పురికొసల్లా అల్లుకున్నాయి. రేకు తుప్పుపట్టి ఒక పక్క ఉబ్బింది. వరసగా రెండు ఎండాకాలాలు పువ్వు లేదు. ఏం చెయ్యాలన్నది మా స్టేషన్లో పెద్ద చర్చ అయిపోయింది. వానలు లేవు, బండ్లు లేవు, మాట్లాడుకోవడానికి ఇంకేముంది?

నేను కొయ్యాలన్నాను. నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల పెడితే నాలుగూ పూస్తాయని నా వాదన. ఊడ్చే అక్క పెద్ద తొట్టిలోకి మారిస్తే చాలంది. పాయింట్స్‌మన్ రెండూ వద్దన్నాడు.

"కదిలిస్తే అలుగుతాది సార్ అది. కోస్తే సచ్చిపోతాది. దాని పాటికి దాన్ని ఉండనీ."

"ఉండనిస్తే పువ్వెయ్యడం లేదు గదన్నా."

"నువ్వు పువ్వు కోసం చూస్తాండావు. నేను చెట్టు కోసం చూస్తాండా."

ఒకసారి పని మీద కదిరి పోయినప్పుడు, ఒక కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే మేడమ్ ఉన్నారని తెలిసి, ఒక ఎండిన గడ్డా ఒక ఆకూ కాగితంలో చుట్టుకుని తీసుకెళ్లి చూపించాను. ఆమె దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇది ఆర్కిడ్ అండీ. అనంతపురం జిల్లాలో దీన్ని బతికించిన మనిషెవరో నేను చూడాలి," అన్నారు. నా మొక్క కాకపోయినా నాకు గర్వమేసింది. ఆమె చెప్పింది చీటీ మీద రాసుకున్నాను. మారిస్తే కొత్త మొలకలు వచ్చే వేళలో మార్చాలి. గడ్డలు ఆరోగ్యంగా ఉండి తొట్టి మాత్రమే చాలకపోతే కొయ్యనక్కర్లేదు, పెద్ద తొట్టి చాలు. మధ్యలో గడ్డలు చచ్చిపోతే మాత్రం విడదియ్యాలి. విడదీస్తే ఒక్కో ముక్కకు కనీసం మూడు గడ్డలు ఉంచాలి. బ్లేడును మంటలో కాల్చాలి. గాయానికి పసుపో బొగ్గు పొడో అద్దాలి. తర్వాత రెండు వారాలు నీళ్లు పొయ్యకూడదు.

చీటీ తెచ్చి పాయింట్స్‌మన్‌కు చదివి వినిపించాను. "నీళ్లు పొయ్యగూడదా? కోసి, నీళ్లు గూడ పొయ్యకుండా ఎండబెట్టమంటుందా ఆయమ్మ?" అని నవ్వి లేచిపోయాడు. చీటీ నా డ్రాయర్లో ఉండిపోయింది.

ఇక నా నీచపు పని.

ఆ ఏడు మార్చిలో ఒక పెద్ద అధికారి లైను చూడటానికి వచ్చాడు. ఇన్స్పెక్షన్ కారు దిగి, ట్యాంకు కింద బక్కెట్టు చూసి ఆగిపోయాడు. ఎర్ర రంగు బక్కెట్టు మీద ‘ఫైర్’ అన్న తెల్లక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. రిపేరుకు పోయిందని నేను రాసిన బక్కెట్టు అదే. ఆయన బక్కెట్టును పట్టించుకోలేదు. "ఆర్కిడా! మా ఆవిడకు ఇవంటే ప్రాణం. ఒక ముక్క మా బంగళాకు పంపండి," అన్నాడు. అని, కారెక్కబోతూ, "మీరు బదిలీకి అప్లికేషన్ పెట్టుకున్నట్టున్నారు కదా?" అన్నాడు.

నిజమే, పెట్టుకున్నాను. పిల్లలిద్దరూ బడి కోసం రోజూ బస్సులో కదిరి పోయి వచ్చేవారు. జంక్షన్ స్టేషనుకు పడితే ఆ బాధ తప్పుతుందని రెండేళ్లుగా ఎదురు చూస్తున్నాను. ఆ మాట ఆయన మామూలుగా అన్నాడో, అర్థం పెట్టుకునే అన్నాడో నాకిప్పటికీ తెలియదు. నేను మాత్రం అర్థం తీసుకున్నాను.

పాయింట్స్‌మన్‌ను అడిగితే ఒప్పుకోడు. అడగకుండా, ఆయనకు వారపు సెలవున్న రోజు చూసుకున్నాను. నిచ్చెన వేసుకుని ఎక్కి, బక్కెట్టు అంచు దాటి వచ్చిన ముందు భాగాన్ని, అన్నిటికంటే నిగనిగలాడే నాలుగు గడ్డల్ని, కొత్త మొలకతో సహా కోసేశాను. చీటీ డ్రాయర్లోనే ఉంది. బ్లేడు కాల్చలేదు. పసుపు అద్దలేదు. మా ఊళ్లో మామిడి కొమ్మ కోస్తే గాయానికి పేడ పూస్తారు కదా అని ఇక్కడా పచ్చి పేడ పూశాను. పైన రివెట్టు నుంచి నీళ్ల బొట్లు ఆ పేడ మీదే పడుతున్నాయి. ముక్కను తడి గుడ్డలో చుట్టి, మధ్యాహ్నం బండి గార్డు చేతికిచ్చి బంగళాకు పంపించాను.

మర్నాడు పొద్దున పాయింట్స్‌మన్ డ్యూటీకొచ్చాడు. అలవాటుగా ట్యాంకు దగ్గరికెళ్లాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నేను గదిలో కూర్చుని, ఆయన వచ్చి అరుస్తాడని, ఏం చెప్పాలని, మాటలు కూడబెట్టుకుంటున్నాను. ఆయన వచ్చి, టోకెన్ తీసుకుని, "బండి టైమైంది," అన్నాడు. అంతే.

ఆ తర్వాత మూడు నెలలు డ్యూటీ మాటలు తప్ప ఆయన నాతో మాట్లాడలేదు. బండి వచ్చింది. బండి పోయింది. లైను మారింది. ఇవే. చిన్న స్టేషన్లో ఇద్దరు మనుషుల మధ్య అలాంటి మౌనం ఎలా ఉంటుందో పెద్ద ఆఫీసుల్లో పనిచేసే మీకు అర్థం కాకపోవచ్చు. వాదించుకోవడానికైనా మనిషి లేడు. టీ ఇద్దరికీ ఒకేసారి వచ్చేది. ఆయన తన గ్లాసు తీసుకుని ట్యాంకు స్తంభం దగ్గరికి పోయి తాగేవాడు.

బంగళాకు పంపిన ముక్క నెలలో చచ్చిపోయిందని గార్డు ద్వారా తెలిసింది. నా బదిలీ రాలేదు. బదిలీ అయింది ఆ అధికారికే.

జూన్ మొదట్లో ఒక పొద్దున ట్యాంకు వైపు నుంచి వాసన వచ్చింది. కుళ్లిన ఉల్లిగడ్డ వాసన. వెళ్లి చూస్తే నేను కోసిన చోట నల్లబడి, గడ్డలు వేలితో నొక్కితే నీళ్లు కారుతున్నాయి. ఆకులు పసుపు తిరిగి ఊడిపోతున్నాయి. వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగి చూశాను. పాయింట్స్‌మన్.

"ఇప్పుడు చెప్పు సార్. ఏం చేద్దాం?" అన్నాడు. మూడు నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

ఇన్నేళ్లూ కొయ్యాలని వాదించింది నేను. ఇప్పుడు కత్తి అంటేనే భయమేసింది. "ఇంక కొయ్యొద్దన్నా. పెద్ద కుండలోకి మార్చి దేవుడి మీద వదిలేద్దాం," అన్నాను.

"కాదు. కొయ్యాల," అన్నాడాయన. "కుళ్లు పాకుతాంది. ఊరికే మారిస్తే కుళ్లునే ఇంకో కుండలో పెట్టినట్టు. ఆ చీటీ యాడుండాది? తీసుకురా."

నా డ్యూటీ అప్పుడే అయిపోయి, నాతో వంతులవారీగా పనిచేసే రెండో మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. పది గంటల ప్యాసింజరు పోయింది, మళ్లీ ఒంటిగంట దాకా బండి లేదు. ఊడ్చే అక్క మూడు పాత కడవలు తెచ్చింది, పల్లె ఆడవాళ్లు మూతులు పగిలాయని పారేసినవి. అడుగున చిల్లులు పొడిచి కిట్టం సిద్ధం చేసింది. లాంతరు వెలిగించి పెట్టింది. పాయింట్స్‌మన్ బక్కెట్టును దించి, తిరగేసి, ఉలితో సుత్తితో తుప్పుపట్టిన రేకును పైనుంచి కింది దాకా చీల్చాడు. ఒక్కో దెబ్బకూ ముఖం చిట్లించేవాడు.

రేకు విప్పితే లోపల బక్కెట్టు ఆకారంలోనే వేర్ల ముద్ద. నెమ్మదిగా కిట్టం రాల్చుకుంటూ పోయాం. మధ్యకు చేరేసరికి అక్కడేమీ లేదు. పాత గడ్డలన్నీ ఎప్పుడో ఎండిపోయి కాగితం పొట్లాల్లా నలిగిపోతున్నాయి. చుట్టూ అంచుల్లో ఉన్నవే బతికున్నవి. ఊడ్చే అక్క రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా విదిలిస్తే, మూడు గడ్డలతో ఒక దుబ్బు దానంతటదే విడివడి ఆమె చేతిలోకి వచ్చింది. ఇంకో పక్క ఇంకొకటి. కోత లేదు, విరుపు లేదు.

"ఏండ్ల కిందటే విడిపోయినాయి సార్ ఇవి," అంది. "మనమే ఒకటనుకుంటా ఉండాము."

ఏళ్ల తరబడి వాదించుకున్నాం మేము. నాకు నవ్వొచ్చింది గానీ పాయింట్స్‌మన్ ముఖం చూసి ఆపుకున్నాను.

మూడో దుబ్బు దగ్గరే అసలు కష్టం. అయిదు గడ్డలు, చివర వేలెడంత కొత్త మొలక. కానీ అవి నేను కోసిన కుళ్లు భాగానికి అతుక్కునే ఉన్నాయి. గడ్డకూ గడ్డకూ మధ్య కింద వేలంత లావు కాడ ఉంటుంది. కుళ్లు ఆ కాడ వెంబడే పాకుతుంది. కుళ్లుకు దగ్గరగా కోస్తే అయిదూ దక్కుతాయి, కానీ లోపల కుళ్లు మిగిలితే అన్నీ పోతాయి. దూరంగా కోస్తే మిగిలేవి రెండే గడ్డలు. మూడుకు తక్కువైతే బతకడం కష్టమని మేడమ్ చెప్పారు. పైకి చూస్తే కాడ అంతా ఒకేలా ఉంది.

పాయింట్స్‌మన్ బ్లేడును లాంతరు మంటలో కాల్చి పట్టుకున్నాడు. ఇంకా పెట్టలేదు, గదిలోంచి రెండో మాస్టరు కేకేశాడు. "గూడ్సు వస్తాండాది! లైన్ క్లియర్ ఇచ్చినా. టోకెన్ తీసుకోప్పా!"

ఆ రోజు గూడ్సు ఉందని ఎవరికీ తెలియదు. పాయింట్స్‌మన్ లేచాడు. చేతిలో బ్లేడు చూసుకున్నాడు. నేను ఆయన వచ్చేదాకా ఆగుదామనబోయాను. ఆయన బ్లేడు నా చేతిలో పెట్టాడు.

"నువ్వే కొయ్యి సార్," అని చేతులు పంచెకు తుడుచుకుంటూ గదిలోకి వెళ్లిపోయాడు.

అప్పుడే నా చేతులు వణికింది. ఊడ్చే అక్క దుబ్బును గట్టిగా పట్టుకుంది. మొదట కుళ్లుకు రెండు వేళ్ల దూరంలో కోశాను. కోసిన ముఖం మీద గోధుమ రంగు చుక్కలు. ఒక గడ్డ పోయింది. బ్లేడు కాల్చి, రెండో గడ్డ అవతల కోశాను. చుక్కలు తగ్గాయి, పోలేదు. ఇంకొక్కటి కోస్తే రెండే మిగులుతాయి. "చాల్లే సార్, ఆ రెండు చుక్కలకేమైతాది, పసుపు పెట్టు," అంది అక్క. నాకూ అలాగే అనిపించింది. చెయ్యి పసుపు వైపు పోయింది కూడా. అప్పుడే గూడ్సు ప్లాట్‌ఫారం దాటుతోంది. పాయింట్స్‌మన్ చెయ్యి చాచి, పరిగెత్తే ఇంజనుకు టోకెన్ వలయం అందిస్తున్నాడు. వేల సార్లు చూసిన దృశ్యమే. ఆ క్షణంలో ఆయన అటు తిరిగి ఉన్నాడని, నేనేం చేసినా చూడడని తోచింది. మార్చిలోనూ ఆయన చూడలేదు. బ్లేడు మళ్లీ మంటలో పెట్టాను. మూడోసారి కోశాను. కోసిన ముఖం పచ్చి కొబ్బరి ముక్కలా తెల్లగా ఉంది.

ఆయన తిరిగొచ్చి కింద పడిన గడ్డలు లెక్కపెట్టాడు. "మూడు పోయినాయా?"

"పోయినాయన్నా."

దుబ్బును ఎత్తి, కోసిన చోటు వెలుతురుకు పెట్టి చూశాడు. "ఊ," అన్నాడు. తనే పసుపు అద్దాడు.

మూడు కడవల్నీ ట్యాంకుకు దూరంగా, గది పక్క నీడలో రాళ్ల మీద పెట్టాం. రెండు వారాలు నీళ్లు పొయ్యలేదు. ఆ ఎండలో, ఆ గాలిలో, అవి ముడతలు పడుతుంటే చూడటం మామూలు విషయం కాదు. కడవలతో వచ్చే ఆడవాళ్లలో ఒకామె ఉండబట్టలేక, "ఏం సార్, మేము పట్టుకుపోయేదాంట్లో దానికొక చెంబుడు పొయ్యగూడదా? పాపం గదా!" అంది. పాయింట్స్‌మన్ ఆమె మీదికి లేచాడు. "పొయ్యగూడదని చీటీలో రాసుండాది! పో!" అని కసిరాడు. ఆ చీటీని అప్పుడు ఆయన జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. టీ కూడా మళ్లీ నా బల్ల దగ్గరే తాగుతున్నాడు.

విడిపోయి వచ్చిన రెండింటిలో ఒకదాన్ని ఆ శ్రావణంలో మేక తినేసింది. కరువులో మేకకు ఆర్కిడ్ అని తెలుస్తుందా? మిగిలినవి రెండు. ఒకటి పెరిగింది. నేను కోసిన రెండు గడ్డలది బతికిందంటే బతికింది, లేదంటే లేదు అన్నట్టుండేది.

మరుసటి ఏడు పాయింట్స్‌మన్ రిటైరై తనకల్లు దగ్గర తన పల్లెకు పోయాడు. మెడలో దండ వేస్తే వద్దని తీసి ఊడ్చే అక్క చేతికిచ్చాడు. ఆ తర్వాతి ఎండాకాలంలో, మే నెలలో, పెద్ద దుబ్బుకు దండ వేలాడింది. ఒకటే. చాలా ఏళ్ల తర్వాత మొదటిది. గార్డుతో కబురు పంపాను. రెండో రోజు పది గంటల ప్యాసింజరుకు దిగాడు. మనిషి ఇంకా సన్నబడ్డాడు.

నేను మంచినీళ్లు తెచ్చేలోపు పువ్వు దగ్గరికి పోయి చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. పక్కనున్న చిన్న కడవ దగ్గర కూర్చుని, ఆకులు ఒక్కొక్కటీ ఎత్తి కింద చూశాడు. అక్కడొక కొత్త మొలక వచ్చింది.

ఇంక దాచిపెట్టుకోలేకపోయాను. "అన్నా, మార్చిలో నేను కోసింది ఆ అధికారి అడిగినాడని కాదు. బదిలీ కోసం కోసినా," అన్నాను.

"తెలుసు సార్. ఆ పొద్దే తెలుసు. స్టేషనంతా తెలుసు."

"మరి గూడ్సు వచ్చినప్పుడు బ్లేడు నా చేతికి ఎందుకిచ్చినావు? టోకెన్ ఇచ్చేదానికి రెండు నిమిషాలే గదా. వచ్చి నువ్వే కోసుండొచ్చు."

ఆయన మొలక మీద దుమ్ము వేలితో తుడిచాడు.

"నాకు అప్పుడింకా నీ మీద కోపముండె. కోపంతో కోస్తే చెయ్యి యాడికి పోతాదో తెల్దు. నువ్వైతే భయపడుకుంటా కోస్తావనుకున్నా. అందుకే మూడుసార్లు కోసినావు."

ఒంటిగంట బండికి బయల్దేరాడు. పూసినదాన్ని తీసుకెళ్లమన్నాను. "అది ఈడుండనీ, బండ్లో పోయేవాళ్లు చూస్తారు," అని చిన్న కడవను ఎత్తుకున్నాడు. బండి కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కన ఎలాగో చోటు చేసుకుని, కడవను తొడ మీద పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ వేశాడు. నేను పచ్చ జెండా చూపించాను. బండి కదిలేటప్పుడు ఆయన నావైపు చూడనేలేదు. పక్కనున్న మనిషితో గొడవ పడుతున్నాడు.

"కొంచెం జరగప్పా, మొలకుండాది. తగుల్తాది."